శామ్యూల్ అన్న పైస్వరం

నిన్న పొద్దున ఘుగ్గుస్ బొగ్గు గనిలో డ్యూటీలో ఉండగా మా చెల్లి ఫోన్ చేసింది.

"అన్నా, శామ్యూల్ అన్న పోయిండు."

ఏ శామ్యూల్ అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

మొన్న సాయంత్రం మా వరండాలో కూర్చుని పాడిన మనిషి. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కు తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దుర్గాపూర్ గని కార్మికుల కాలనీలో ఆయనది మా పక్క క్వార్టర్. ఒక్క గొంతుతో ఒకేసారి రెండు స్వరాలు పలికించేవాడు. మంగోలియా పశువుల కాపర్లు పాడే వీడియోలు ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు.

కింద బరువైన "ఊ" ఒకటి కదలకుండా నిలబడేది. నాలుక మెల్లగా జరిపేకొద్దీ దాని మీద సన్నగా, పిల్లనగ్రోవిలా ఇంకో స్వరం లేచేది.

మొదట్లో ప్రాక్టీస్ ఎక్కడనుకున్నారు? కాలనీ నీళ్ల ట్యాంకులో. కడగడానికి ఖాళీ చేస్తే లోపలికి దిగి పాడాడు. ఆ మోత షిఫ్ట్ సైరన్ అనుకుని ఎదురింటి అత్త, మామను నిద్రలేపి, అన్నం డబ్బా చేతికిచ్చి డ్యూటీకి పంపేసింది. పాపం మామ మైన్ గేటు దాకా పోయి వచ్చాడు. అప్పటినుంచి ఆమెకు ఈయన సైరన్ శామ్యూలే.

నాన్న పోయాక అమ్మకు నిద్ర కరువైంది. కళ్లు మూస్తే ఊపిరాడనట్టు ఉండేది. మందులు వాడినా లాభం లేదు.

ఒకరోజు శామ్యూల్ అన్న వచ్చి, మంచం పక్కన కూర్చుని ఆ "ఊ" అందుకున్నాడు. కాసేపటికి అమ్మ ఊపిరి ఆయన ఊపిరితో కలిసింది. అట్లాగే నిద్రపోయింది.

ఇక రోజూ సాయంత్రం చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేవాడు.

నాకూ నేర్పబోయాడు. పైస్వరం ఎన్నడూ రాలేదు.

"పైదాని కోసం ఉరకకు తమ్మీ. కిందది గట్టిగ పట్టు. పైది అదే వస్తది" అనేవాడు.

నిన్న సాయంత్రం ఆయనకు మట్టి వేసి ఇంటికొచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తోంది. విషయం ఆమెకు తెలుసు. అయినా ఆ వేళకు చూపు అటే పోయింది.

పక్కన కూర్చుని "ఊ" పట్టాను. కిందదే వచ్చింది, అదీ వణుకుతూ. ఏడుపొచ్చి ఆపేశాను.

"నాతోని కాదమ్మా. పైది వస్తలేదు."

అమ్మ నా చెయ్యి పట్టుకుని పడుకుంది.

"నువ్వు కిందదే పట్టు బిడ్డా. పైది నాకు ఇనవడ్తది."

పోయిరా అన్నా. ఇక్కడ కిందది నేను పట్టుకుంటా.

నువ్వు నిమ్మళంగా పడుకో.