అంటుకుపోయిన రేకులు

2005 జూన్‌లో హిందూపురం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ప్రైవేటు యూనిట్‌లో సీనియర్ టెస్ట్ ఇంజనీరుగా చేరాను. అక్కడ తయారయ్యేవి కంటికి ఆనని స్విచ్‌లు. ఒక్కోదానిలో వెంట్రుక కన్నా పలుచని లోహపు రేకు ఉంటుంది. వోల్టేజి ఇస్తే అది కిందికి వంగి కాంటాక్టును తాకుతుంది. తీసేస్తే తన బిగువుతో తానే పైకి లేవాలి. లేవకుండా అంటుకుపోవడాన్ని మేము స్టిక్షన్ అనేవాళ్లం.

వేసవిలో చేసిన సరుకు బాగానే పనిచేసింది. వానలు మొదలయ్యాక పంపిన లాటు మాత్రం తిరిగొచ్చింది. వంగిన రేకులు లేవడం లేదు. ప్రొడక్షన్ మేనేజరు వెంటనే తేల్చేశాడు: మూతలు బిగించే సుజాత గ్లవ్స్ వేసుకోలేదని, చేతి జిడ్డు లోపలికి పోయిందని.

సుజాతది ధర్మవరం. హిందూపురంలో గది తీసుకుని ఉండేది. "గ్లవ్స్ లేకుండా నేను ఎప్పుడూ ముట్టలేదు సార్. కావాలంటే తెరిచి సూడండి," అంది నాతో. పరీక్షకు వ్యవధి అడిగాను. మేనేజరు సరేనన్నాడు గానీ ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు.

మూతలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే జిడ్డు లేదు. కాంటాక్టులు కరిగి అతుక్కున్న గుర్తులూ లేవు. వేరే షిఫ్టులో మరొకరు బిగించిన వాటిలోనూ రేకులు అలాగే పడి ఉన్నాయి. అనుమానం తేమ మీదికి మళ్లింది. తడిసిన రెండు గాజుపలకలు కలిస్తే విడదీయడం కష్టం కదా; అంత సన్నని సందులో కాస్త తేమ చేరినా రేకు బిగువు చాలదు. వాక్యూమ్ ఓవెన్‌లో వేడిచేస్తే చాలా రేకులు వాటంతటవే లేచాయి. మూత బిగించేముందు పూర్తిగా ఆరబెట్టాలి. ఆర్డరు తొందరలో ఆరబెట్టే సమయాన్ని మేనేజరే తగ్గించమన్నాడని ఓవెన్ ఆపరేటరు చెప్పాడు.

ఇదంతా మేనేజరు ఎదుటే యజమానికి చెప్పాను. తానే తగ్గించమన్నానని మేనేజరు ఒప్పుకున్నాడు. ఆరబెట్టడం మళ్లీ పద్ధతి ప్రకారం మొదలైంది. తర్వాతి లాటులో ఆ ఇబ్బంది రాలేదు. సుజాతను తిరిగి పిలుచుకురమ్మని యజమాని నన్నే పంపాడు.

పెనుకొండ మీదుగా రైల్లో ధర్మవరం వెళ్లాను. ఆమె ఇంట్లో మగ్గం మీద కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా వింది.

"ఈడ పోగు తెగితే యాడ తెగిందో సూసి ముడేసుకుంటాం సార్. ఆడ సూడకముందే నన్ను పంపిచ్చేసినారు. నేను రాను," అంది.

వాళ్ల నాయన కాఫీ ఇప్పించాడు. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, పాడైన భాగాన్ని తెరిచి కారణం తేలేదాకా నా విభాగంలో ఎవరి పేరూ ఎత్తనివ్వలేదు. చెడిన సరుకును మళ్లీ చేసుకోవచ్చు. తొందరపడి పంపేసిన మనిషి, మనం పిలిచినప్పుడు రావాలని లేదు.