పసుపు పూసిన శుభలేఖ

చోడవరం నుంచి రావికమతం వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో సంచి నిండా మనవరాలి పెళ్లి శుభలేఖలు. బస్సులో తెలిసినవాళ్లందరికీ పంచుతూ నాకూ ఒకటి ఇచ్చాడు.

"పక్కనే కూకున్నారు, మీకియ్యకపోతే బాగోదు బాబూ. తప్పకండా రావాల. మేటరంతా నానే రాసేను," అన్నాడు.

కార్డు నాలుగు మూలలా పసుపు తడి ఇంకా ఆరలేదు. నేను ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ని. తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒక్కో తప్పుకీ సున్నా చుట్టి, కార్డు ఆయన చేతిలో పెట్టాను. సాయం చేశాననే అనుకున్నాను.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"అచ్చయిపోనాయి కదా బాబూ," అన్నాడు మెల్లగా. ఆ కార్డు తన చొక్కా జేబులో పెట్టుకుని సంచి మూతి ముడేశాడు.

తర్వాతి స్టాపులో ఒకావిడ ఎక్కి, "తాతా, పెళ్లెప్పుడేటి?" అని అడిగింది.

"ఇంటికొచ్చి సెప్తాన్లే," అన్నాడు గానీ సంచి విప్పలేదు.

ఆ కార్డులో తప్పులు ఏడు. ఒక్కొక్కటీ ఇప్పటికీ చెప్పగలను. పెళ్లికూతురి పేరే గుర్తు లేదు.