దూలానికి వేలాడిన బీరన్న మామ

తిరుమలగిరి పక్కన మా ఊళ్లో గొర్రెల కాపరి బీరన్న మామకు ఒకటే అలవాటు. తెల్లవారితే చాలు, ఇంటి ముందు దూలానికి తలకిందులుగా వేలాడేవాడు. నడుం నొప్పికి అంతకు మించిన మందు లేదనేవాడు. ఆయనకు నడుం నొప్పి లేదు. ఉన్నది ఆయన భార్య గోపమ్మత్తకు.

బండి మీది నుంచి పడ్డప్పటి నుంచి అత్త వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. "తల కిందికి, కాళ్లు మీదికి వెడితే నడుం సాగుతది" అన్నాడట దవాఖాన కంపౌండరు. "ఊరంత నవ్వుతది. సచ్చినా ఎక్క" అంది అత్త. మర్నాడు మామ చీలమండలకు గొంగడి ముక్కలు చుట్టుకుని, తాడు బిగించి తానే ఎక్కాడు. తల నేలకు జానెడు ఎత్తున ఆగింది. నొప్పి పెండ్లానికి, మందు మొగుడికి! ఇలాంటి వైద్యం నేనెక్కడా వినలేదు.

పైగా పెద్దమనిషి వ్యవహారాలన్నీ అక్కడి నుంచే. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ లచ్చయ్య వస్తే ఎంతో గౌరవంగా దండం పెట్టాడు. ఆ దండం ఎటు నుంచి అందుకోవాలో తెలియక పటేల్ మెడ వంకర పెట్టి నిలబడ్డాడు.

"గొర్రెల బేరం మాట్లాడాలె బీరన్నా. జర దిగుతవా?"

"ధర దిగదు పటేలా, నేను గూడ దిగ."

పక్కింటి ఐలేశం వాళ్ల అవ్వ పోయినప్పుడు పలకరింపు కూడా అలాగే. పాపం, మామ నిజంగానే ఏడ్చాడు. కన్నీళ్లు నుదుటి మీదుగా జుట్టులోకి పోయాయి. నవ్వు ఆపుకోలేక ఐలేశం తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "లోపల అత్త మూలుగుతాంటె నీకు గీ యేశాలేంది మామా?"

"అల్లుడా, మందను కొత్త మడుగుకు తోల్కపోతే ముందుగాల నీళ్లెవలు తాగాలె?"

"కాపరి."

"గదే మరి. గీ మందుతోని దాని పాణం మీదికొస్తే నేనేం గావాలె?"



కొన్నాళ్లకు ఆయనే తేల్చాడు. "కండ్లు తిరుగుతున్నయ్. నెత్తురంత తలకెక్కుతాంది. గిది దానికి పనికిరాదు." లోపలి అర్రలో నులక మంచానికి కాళ్ల వైపు రాళ్లు పెట్టి కొంచెం ఎత్తాడు. అందులోనూ ముందు తానే పడుకుని చూసి, ఆ తర్వాతే అత్తను పడుకోబెట్టాడు. ఎండాకాలం పోయేసరికి లోపలి మూలుగు తగ్గింది.

మామ మాత్రం దూలం వదల్లేదు.

"పనికిరాదంటివి గద, ఇంకెందుకు మామా?"

"మెల్లగ మాట్లాడు. మంచం ముచ్చట తెలిస్తే ఊరోళ్లు దాన్ని జూసి నవ్వుతరు. అది సిగ్గువడి మళ్ల పండుకోదు. నన్ను జూసి నవ్వుకోనీ, నాకేం ఫికర్?"

అంతలో అత్త కేక. "ఎవలతోని ముచ్చట? దిగు, రొట్టె సల్లారుతాంది!"

"నోట్ల వెట్టు, గిట్లనే తింట!"

"నీ మొకం మండ!" అంటూ అత్త రొట్టె పట్టుకుని బయటికొచ్చింది. ఆ జానెడు ఎత్తు దాకా వంగి, ఆయన నోట్లో ముక్క పెట్టింది. తర్వాత మూలగకుండా లేచి నిలబడింది.

మామ నమలడం మానేసి, తలకిందులుగానే ఆమెను చూస్తూ ఉండిపోయాడు.