ఇంటర్వ్యూ ప్యాంటు

డెబ్బైల్లో తిరువూరు కుర్రాడికి ఉద్యోగం రావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, మా అబ్బా కుట్టిన ప్యాంటు కూడా కావాలి. ఊరి నమ్మకం అది. బజారులో మా అబ్బాది చిన్న దర్జీ కొట్టు. ఆయన కుట్టిన ప్యాంట్లు వేసుకెళ్ళిన ఒకరిద్దరికి బ్యాంకులోనో కరెంటాఫీసులోనో ఉద్యోగాలొచ్చాయి. అంతే, సాయిబుగారి హస్తవాసి గొప్పదని పేరు పడిపోయింది. ఎ.కొండూరు నుంచి, రెడ్డిగూడెం నుంచి కూడా గుడ్డ పట్టుకుని వచ్చేవారు. ఎవడైనా బెల్‌బాటం కావాలంటే అబ్బా కసిరేవాడు.

"ఆ గొట్టాలు సినిమాకి వేసుకెళ్ళు. ఇంటర్వ్యూకి మాత్రం నేను చెప్పినట్టు కుట్టించుకో."

నాకు ఒళ్ళు మండేది. బీకాం పాసై ఇంట్లో కూర్చున్నది ఆయన కొడుకునే మరి. పొద్దున్నే పోస్టుమాన్ కంటే ముందు పోస్టాఫీసు దగ్గర నేనుండేవాణ్ణి. తర్వాత బజారు ఆ చివరికీ ఈ చివరికీ తిరగడం, ఇంటికొచ్చి అన్నం దగ్గర అమ్మీ మీద విసుక్కోవడం. అబ్బా ప్యాంట్లలోనే మూడుసార్లు బెజవాడ వెళ్ళొచ్చాను. మూడుసార్లూ ఉత్త చేతులే.

తప్పెక్కడుందో నాకు తెలుసు. మొదటి బస్సెక్కి, ఒళ్ళంతా దుమ్ముతో, రొప్పుతూ, సరిగ్గా పేరు పిలిచే వేళకి చేరేవాణ్ణి. అడిగింది తెలియకపోతే ఏదో ఒకటి అల్లేవాణ్ణి. ఇవాళ ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు సలహా అడిగితే ఆ రెండే చెబుతాను: ముందురోజే ఊరు చేరండి, తెలియనిది తెలియదనండి.

అబ్బా మాత్రం ఇంకోలా అనుకున్నాడు. మళ్ళీ పిలుపు వచ్చిన రోజున ప్యాంటు గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుని "పద" అన్నాడు. విస్సన్నపేట బస్సెక్కించాడు. ఎందుకని అడిగితే కిటికీ వైపు తిరిగాడు. బస్సు దిగి నేరుగా అక్కడి దర్జీ కొట్టుకి తీసుకెళ్ళాడు.

ఆ దర్జీ కంగారుగా లేచి నిలబడ్డాడు. "అదేంటి భాయ్, మీరు నా దగ్గరికి రావడమేంటి?"

"మావాడికి ఇంటర్వ్యూ ఉంది, కొలతలు తీసుకో. నా చెయ్యి బయటివాళ్ళకే కలిసొస్తుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో ఎంతో చెప్పి చూశాను, ప్యాంటుదేం లేదు అబ్బా, జవాబులు రానిది నాకు, అని. విన్లేదు. ఆ ప్యాంటు కుట్టి వచ్చేదాకా నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. ఈసారీ ఉద్యోగం రాదేమోనన్న భయం ఒకటి. వస్తే అబ్బా ఏమనుకుంటాడోనన్న భయం అంతకంటే పెద్దది.

ముందురోజే బెజవాడ వెళ్ళి చుట్టాలింట్లో పడుకున్నాను. నడుం దగ్గర పట్టేస్తున్న ఆ ప్యాంటులోనే కూర్చుని, తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవండి అన్నాను. ఉద్యోగం వచ్చింది.

అబ్బా బజారంతా మిఠాయి పంచాడు. ఇదంతా విస్సన్నపేటాయన హస్తవాసేనని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ తనే చెప్పాడు. ఉన్న బేరాలు పోతాయని అమ్మీ మొత్తుకున్నా వినలేదు. నాకైతే ఏడుపొచ్చినంత పనయింది.

ఉద్యోగంలో చేరేముందు కొత్త గుడ్డ కొని ఆయన ముందు పడేశాను. "ఆఫీసుకి వేసుకోవాలి. నువ్వే కుట్టాలి" అన్నాను. కాదంటే పోట్లాడదామనే వెళ్ళాను. ఆయన గబగబా లేచి నా నడుం చుట్టూ టేపు వేశాడు. మొహం వెలిగిపోతోంది.

"కుడతా బేటా, ఎందుకు కుట్టను? ఉద్యోగం వచ్చేసిందిగా. ఇక నా చెయ్యి నిన్నేం చెయ్యలేదు."