కోలగా కనబడిన గాజు

మొన్న బీరువా సర్దుతుంటే పాత సీడీ ఒకటి దొరికింది. మా అమ్మాయి దాన్ని తన కంప్యూటర్‌లో వేసింది. కడప కేబుల్ టీవీకి ఒకప్పుడు మేము చేసిన నగల అంగడి ప్రకటన అది. బంగారు గాజు గిరగిరా తిరుగుతోంది, అయితే గుండ్రంగా కాదు, నిలువునా సాగి కోడిగుడ్డులా. "ఏంది నాయనా, గాజు ఇట్లుండాది?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా పెదనాన్న వీడియో మిక్సింగ్ షాపులో పెళ్లి క్యాసెట్లకు పూలూ హంసలూ అతికించేది నేనే. అంతలో మా చిన్నాన్న కొడుకు హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని దిగాడు. వారం తిరక్కుండానే కొత్త కంప్యూటరూ, తిరిగే కుర్చీ వాడివయ్యాయి. నాకు ప్లాస్టిక్ స్టూలు మిగిలింది. వాడు నోరారా అన్నా అని పిలుస్తుంటే కడుపు మండేది. టీ కూడా ముందు వాడికే ఇచ్చేవారు. అదింకా గుర్తుందంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే చూసుకోండి.

నగల శెట్టిగారి ప్రకటన కూడా వాడికే దక్కింది. పని ముగించి వాడు ఒంటిమిట్ట తిరునాళ్లకు వెళ్లిన రోజు తెరిచి చూశాను. గాజు కోలగా ఉంది! నా సంతోషం అంతా ఇంతా కాదు. తెర మీద గుండ్రంగా కనబడేదాకా బొమ్మ పొడవు వెడల్పుల అంకెలు మార్చాను. బొమ్మలన్నీ మళ్లీ తయారవడానికి పూట పట్టింది. టేపుకెక్కించి కేబుల్ వాళ్లకు పంపేశాను. వాడొచ్చాక పెదనాన్న ముందే ఈ సంగతి చెప్పి పరువు తీయాలని నా ఆశ.

మర్నాడు పొద్దున్నే శెట్టిగారు వచ్చారు. ఇంకొకరైతే గమనించకపోదురేమో, ఆయన గాజుల గుండ్రదనం చూసి బతికే మనిషి. "ఏమప్పా, మా గాజును యాడ తొక్కినారు? టీవీలో అణిగిపోయి ఉండాది! మావాళ్లంతా శానా నవ్వినారు" అన్నారు. అప్పుడే తిరునాళ్ల నుంచి వచ్చిన మా తమ్ముణ్ణి పెదనాన్న అందరి ముందూ తిట్టిపోశాడు. వాడు కంప్యూటర్ తెరిచి, మారిన అంకెలు చూసి, ఒకసారి నా వైపు చూశాడు.

"కంప్యూటర్లో బొమ్మను కట్టే చుక్కలు నలుచదరం పెదనాయనా, టీవీ చుక్కలు అడ్డంగా సాగి ఉంటాయి. ఈడ కోలగా చేస్తేనే ఆడ గుండ్రంగా వచ్చేది. నాదే తప్పు, మళ్లా చేసిస్తా" అన్నాడు.

నా పేరెత్తలేదు. అన్నట్టే చేసిచ్చాడు, ఈ సీడీలో ఉన్నది అదే. మరుసటి నెల కర్నూలులో వేరే స్టూడియోకి వెళ్లిపోయాడు. తిరిగే కుర్చీ నాకొచ్చింది. అందులో కూర్చుని, అంత నిబ్బరం నాకెందుకు లేదని మళ్లీ వాడి మీదే అసూయపడ్డాను.

ఆ కుర్చీ విరిగిపోయింది, ఆ టీవీలూ పోయాయి. వాడి నంబరు మాత్రం నా ఫోనులో ఉంది. చేయని తప్పును తనదే అనడానికి వాడికి ఒక్క క్షణం పట్టింది, చేసిన తప్పును ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు చాలలేదు.