చర్చి బయటి ఆదివారాలు

మా మామ ప్రార్థన ఇంట్లో మొదలై బస్సు రూట్లో సాగుతుంది. ముందు ఇంట్లో వాళ్లం, తర్వాత ఉదయగిరిలో మా వీధి, ఆ తర్వాత దుత్తలూరులో మా ఆడబిడ్డ కుటుంబం, వింజమూరులో షుగరు ఎక్కువైన పెద్దమామ, కొండాపురంలో మోకాళ్ల నొప్పులతో ఉన్న మేనత్త. వాళ్లందరినీ దేవుని చేతుల్లో పెట్టాక వానలు, ప్రభుత్వం, సరిహద్దులో సైనికులు, ఇంకా వాక్యం వినని దేశాలు. ఆయన రిటైరైన టీచరు, సంఘ పెద్ద. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. రోజూ సాయంత్రం లైట్లు వేసే వేళకు మేమందరం చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆయన వెంట ఆ ఊళ్లన్నీ తిరిగి రావాలి.

రెండున్నరేళ్ల పిల్లకు అంత దూరం ప్రయాణించే ఓపిక ఎక్కడిది? మా పాప ఏ రోజూ దుత్తలూరు దాటేది కాదు.

నాకు ప్రార్థనలు కొత్త కాదు. నేను పుట్టింది ఆత్మకూరులో. మా తాతల కాలం నుంచి మాదీ బాప్టిస్టు కుటుంబమే. పెళ్లయి ఉదయగిరి వచ్చాక ఇక్కడి చర్చిలో పాటల బృందంలో పాడేదాన్ని. నేను దుత్తలూరులో టీచర్ని, మా ఆయన ఆత్మకూరులో ఓ ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే ఇద్దరం బస్సులెక్కి వెళ్లిపోతే సాయంత్రం దాకా పాపను చూసేది మా అత్త. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఇక మీదట ఆమె గురించి నేను ఏం చెప్పినా, నా బిడ్డకు పగలంతా అన్నం పెట్టింది, ముడ్డి కడిగింది, నిద్రపుచ్చింది ఆమేనని గుర్తుంచుకోవాలి. నేనూ గుర్తుంచుకోవాలి. కొన్ని రోజులు అదే కష్టమయ్యేది.

పాపకు మాటలు వచ్చింది మా అత్త పాటల వల్లే. బడి నుంచి నేను వచ్చేసరికి వరండాలో అవ్వా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని చప్పట్లు కొడుతూ పాడుతుండేవాళ్లు. పాప సొంతంగా ప్రార్థన కూడా చేసేది. "ప్రభువా, తాత. ప్రభువా, మోటారు. ప్రభువా, నల్ల మేక. ప్రభువా, అవ్వ కాలు." అవ్వ కాలికి ఆ నెలలో వాపు వచ్చింది. ఆ మాట విని మా అత్త కళ్లు తుడుచుకుంది. నేను బ్యాగు దించకుండా గుమ్మంలోనే నిలబడి విన్నాను. అలాంటి సాయంత్రాలు లేకపోతే ఈ ఇంట్లో ఇన్నాళ్లు ఓపిక పట్టేదాన్ని కాదేమో.

ఆమేన్ అన్న మాట కూడా అక్కడే నేర్చుకుంది. తాత ఆమేన్ అనగానే అందరూ కళ్లు తెరుస్తారు, లేస్తారు, అన్నాలకు వెళతారు. ఇది చూసి చూసి, ఏదైనా ఆపాలంటే ఆ మాట అనాలని దానికి అర్థమైంది. స్నానం మధ్యలో కళ్లలో సబ్బు పడితే "ఆమేన్". ముద్ద వద్దంటే "ఆమేన్". తల దువ్వుతుంటే జడ లాగినప్పుడు "ఆమేన్, ఆమేన్". మా ఆయనా నేనూ చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆదివారాలకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మా చర్చిలో మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క. పిల్లలు ఆడవాళ్ల పక్కే. అలాగని ఎవరూ నియమం రాయలేదు, అయినా ఎవరూ తప్పలేదు. ఆరాధన మొదలై రెండు పాటలు అయ్యేసరికి పాప నా ఒడిలోంచి జారిపోయేది. కానుకల సంచి లాగేది. ముందు కూర్చున్నావిడ ముసుగు పట్టి గుంజేది. బిస్కెట్ ఇస్తే గుడిలో తిండేంది అనేవాళ్లు. ఫోన్ ఇస్తే ఇంకా పెద్ద పాపం. ఏమీ ఇవ్వకపోతే ఏడుపు. ప్రసంగం మొదలయ్యే వేళకు ఎవరో ఒకరు నా వైపు తిరిగి చూసేవాళ్లు. ఆ చూపుకు అర్థం తెలిసి పాపను ఎత్తుకుని బయటికి వచ్చేసేదాన్ని.

బయట మెట్ల మీద ఎండ. చెప్పుల గుట్ట. పాప ఆ చెప్పులన్నీ కలగలిపేది, నేను మళ్లీ జతలు కలిపేదాన్ని. మైకులోంచి ప్రసంగం వినిపించేది గాని, ఒక వాక్యం మొదలు వింటే దాని చివరకు పాప రోడ్డు మీద ఉండేది. పాప పుట్టాక నేను ఒక్క ప్రసంగం కూడా పూర్తిగా వినలేదు. మా ఆయన మాత్రం ఇంటికి వచ్చాక, "ఈ వారం అయ్యగారు బాగా చెప్పినాడు" అనేవాడు. ఆ మాటకు నాకు వచ్చే కోపం అంతా ఇంతా కాదు. బాగా చెప్పారట.

మేడ మీద గది కట్టించిన తర్వాత మామ ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టించారు. ఇంటి ముందు షామియానా వేసి కుర్చీలు తెప్పించారు. వింజమూరు నుంచి ఒక పెద్ద పాస్టరు గారిని పిలిపించారు. పాపకు ఆ మధ్యాహ్నం నిద్ర లేదు. వంటల హడావుడిలో దాన్ని పడుకోబెట్టేవాళ్లు లేరు. పైగా కొత్త గౌను గీరుకుంటోంది. నేను వెనక కుర్చీలో దాన్ని ఒళ్లో బిగించి పట్టుకుని కూర్చున్నాను.

పాస్టరు గారి ముగింపు ప్రార్థన మామ ప్రార్థన కంటే పెద్దది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఒక చోట ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. సరిగ్గా ఆ సందులో మా పాప గట్టిగా, తాత గొంతుతో, "ఆమేన్" అంది.

జనమంతా కళ్లు మూసుకునే "ఆమేన్" అన్నారు. కుర్చీలు కదిలాయి. ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. లోపల వంటింట్లో మా ఆడబిడ్డ అది విని కాఫీ ట్రే పట్టుకుని బయటికి వచ్చేసింది. పాస్టరు గారు ఇంకా మేడ గది ఆశీర్వాదం దగ్గరే ఉన్నారు. ఒక కన్ను తెరిచి చూసి, నవ్వు ఆపుకుని, "చిన్నబిడ్డ ముగించేసింది, దేవునికి స్తోత్రం" అని కూర్చున్నారు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

జనం వెళ్లిపోయాక ఆయన కుర్చీలో కూర్చుని నేల వైపు చూస్తూ అన్నారు. "ముప్పై ఏండ్లుగా కూటాలు జరిపిస్తా ఉండా. ఇట్టాంటిది చూళ్లేదు."

"పసిబిడ్డ మామా, దానికేం తెలుసు," అన్నాను.

"దానికి తెలీదు. నీకు తెలవాల గదా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

మా అత్త మామ ముఖం చూసింది. పాపను లాగి తొడ మీద చురుక్కుమనేలా ఒకటి వేసింది. "ఇంకోసారి అంటావా? అంటావా?"

పాప బిక్కమొహం వేసి అవ్వను చూసింది. వెక్కుతూ, "ఆమేన్," అంది. ఆ దెబ్బ ఆగిపోవాలని దాని కోరిక. అంతకు మించి దాని దగ్గర వేరే మాట లేదు. మా అత్తకు అది అర్థం కాలేదు. మళ్లీ అన్నదని రెండో దెబ్బ వేసింది. నేను పాపను లాక్కుని గదిలోకి వెళ్లి తలుపు మూసేశాను. మా ఆయన షామియానా వాళ్లతో మాట్లాడుతూ బయటే ఉండిపోయాడు.

మర్నాడు మామ తీర్పు చెప్పారు. "ఇంక ప్రార్థన టైములో నువ్వు పాపనెత్తుకోని వరండాలో ఉండమ్మా. అది అర్థం చేసుకునే వయసు వచ్చినాక చూద్దాం."

మొదట హాయిగానే అనిపించింది. వరండాలో పాప మేకతో ఆడుకునేది, నేను గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. లోపల పాట మొదలయ్యేది. నేను చిన్నప్పటి నుంచి పాడిన పాట, నా గొంతు లేకుండా సాగిపోతుంటే లోపల ఏదో మండేది. చర్చిలో బయటే, ఇంట్లోనూ బయటేనా? నా ఇంటి ప్రార్థనలో నేను లేకపోయినా ఎవరికీ లోటు తెలియడం లేదు. అది ఎక్కువ బాధించింది.

ఆ శనివారం పాపను తీసుకుని ఆత్మకూరు వెళ్లాను. అమ్మ దగ్గర అంతా కక్కేశాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, తలెత్తకుండానే అంది. "ఇదేం కొత్తమ్మా? నీకు ఏడేండ్లు వచ్చిందాకా నేను ఒక ప్రసంగం వినలా. నీ తర్వాత నీ తమ్ముడు. మొత్తానికి గుడి బయట వేపచెట్టు కిందనే గడిచిపోయినాది. ఆడదానికి మామూలే."

అమ్మ ఆ మాట బాధపడుతూ చెప్పలేదు. ఒక విధమైన గర్వంతో చెప్పింది. నేను గోడ మీద నాన్న ఫోటో వైపు చూశాను. ఆ ప్రసంగాలన్నీ విన్నది నాన్న. వాక్యం బాగా తెలిసిన మనిషని సంఘ పెద్దను చేసింది నాన్ననే. అమ్మకు వాక్యం తెలియదని ఇంట్లో నాన్నతో సహా అందరం ఎన్నోసార్లు ఎగతాళి చేశాం.

"నువ్వు నాయన్ని ఎప్పుడూ అడగలేదా అమ్మా, ఒక్క వారం నువ్వు చూసుకో అని?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "అట్టా అడగొచ్చని తెలీదు," అంది.

సోమవారం బడికి సెలవు పెట్టాను. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా మా అమ్మ వాళ్లింటికి వచ్చాడు. ముగ్గురం ఉదయగిరి బస్సెక్కాం. పాప ఆయన ఒళ్లో నిద్రపోయింది. నేను అప్పుడే చెప్పాను. "ఇంక మీదట ఒక ఆదివారం నేను బయట ఉంటా, ఒక ఆదివారం మీరు. సాయంత్రం ప్రార్థన కూడా అంతే."

"నాయన ఏమంటాడో," అన్నాడు.

"పాప మీ నాయనకు పుట్టలేదు గదా."

ఆయన పాప తలను భుజం మీదికి సర్దుకున్నాడు. ఉదయగిరి కొండ కనిపించేటప్పటికి, "సరేలే, నువ్వే చెప్పు," అన్నాడు. ఆ 'నువ్వే చెప్పు'కు కూడా ఒళ్లు మండింది. కానీ చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను.

మామ కంచంలో చెయ్యి ఆగింది. "మగోడు బిడ్డనెత్తుకోని గుడి బయట తిరగతా ఉంటే జనం ఏమనుకుంటారు?"

"నన్ను అనుకుంటానే ఉండారు గదా మామా. కొన్నాళ్లు ఆయన్ని అనుకోనీండి."

మా అత్తకు కోపం వచ్చింది. "నా కొడుకు వారమంతా డ్యూటీ చేసి వస్తాడు. ఆదివారం ఒక్కరోజు దేవుని మాట వింటే తప్పా?"

"నేనూ చేస్తా ఉండా అత్తా డ్యూటీ. నాకూ దేవుడు ఉండాడు."

మామ మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు. ఒప్పుకున్నట్టా, లేదా? అర్థం కాలేదు. ఒప్పుకున్నారనే అనుకుని నడిచాను.

ఆ ఆదివారం ప్రసంగం మొదలయ్యే ముందు పాపను, దాని బట్టల సంచిని మగవాళ్ల వైపు తీసుకెళ్లి మా ఆయన ఒళ్లో పెట్టి వచ్చాను. చర్చి మొత్తం చూసింది. చెవులు వేడెక్కాయి గాని వెనక్కి తిరగలేదు. కాసేపటికి ఆయన పాపను ఎత్తుకుని బయటికి వెళ్లాడు. పావుగంట కూడా కాకముందే పక్క తలుపు దగ్గర నిలబడి నాకు సైగలు మొదలుపెట్టాడు. పాప గౌను తడిసింది. పక్కావిడ నన్ను మోచేత్తో పొడిచింది. "అమ్మాయీ, మీ ఆయన పిలస్తా ఉండాడు."

"సంచిలో ఇంకో గౌను ఉండాదక్కా. ఆయనకు తెలుసు," అన్నాను. చూపు ముందుకే నిలిపాను. సైగలు ఆగిపోయాయి.

అంత పోరాడి సంపాదించుకున్న ఆ ప్రసంగంలో ఏం జరిగిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫ్యాను నేరుగా నా మీదికే వస్తోంది. ఒడిలో బరువు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. అయ్యగారు వాక్యం చదవడం వరకు గుర్తుంది. తర్వాత అందరూ లేచి నిలబడుతుంటే మెలకువ వచ్చింది. ముసుగు భుజం మీదికి జారి ఉంది.

ఇంటికి వస్తూ మా అత్త అంది. "నిద్రపోయేదానికి బయటే ఉండొచ్చు గదా. ఆడ గాలన్నా వచ్చేది."

ఇంటికి వెళ్లి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను.

ఇప్పుడు పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. ఒప్పందం కుంటుతూ నడుస్తోంది. తన వంతు వచ్చిన ఆదివారం మా ఆయనకు ఆఫీసు పని పడుతుంది, లేదంటే నడుం పట్టేస్తుంది. ఆయన వంతు వారాల్లోనూ సగానికి సగం నేనే బయట ఉంటున్నాను. సాయంత్రం ప్రార్థనకు మాత్రం నేనూ పాపా మళ్లీ లోపలికి వచ్చాం. ఎవరూ రమ్మనలేదు. వచ్చి చాప మీద కూర్చున్నాం, అంతే. ప్రార్థన ఒక్క ఊరు కూడా తగ్గలేదు.

పోయిన నెలలో ఒక ప్రసంగం మొదటి నుంచి చివరి దాకా మెలకువగా విన్నాను. ఓర్పు గురించి. ఓర్పు ఆడవాళ్లకు అలంకారం అన్నారు అయ్యగారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర మామ మా ఆయనతో ఆ ప్రసంగం గురించి మాట్లాడుతుంటే నేను మధ్యలో కల్పించుకున్నాను.

"అయ్యగారు చదివిన వాక్యంలో ఆడవాళ్లని లేదు మామా. అందరికీ అని ఉండాది. ఆడవాళ్లని ఆయన కలిపినాడు."

మామ నా వైపు తిరిగారు. వాక్యం గురించి ఆయన నాతో మాట్లాడడం అదే మొదటిసారి. "నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావమ్మా," అన్నారు.

"ఏది తప్పు, చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను అడ్డం తగిలాను. ఆయన గొంతు పెంచారు, నేనూ పెంచాను. మా అత్త ఇద్దరినీ చూస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పాప చారు గిన్నె బోర్లించింది. నేను లేవబోయాను.

"నువ్వు కూర్చో, మాట పూర్తి కాలా," అన్నారు మామ.

మా ఆయన గుడ్డ తెచ్చి తుడిచాడు. అన్నం చల్లారిపోయింది. మామ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.