ముందే చెప్పిన సాక్ష్యం

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు, కత్తి పెట్టకుండా చేసే వైద్యం ఒకటుందని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. ధ్వని తరంగాలను ఒక్కచోటికి గురిపెట్టి గడ్డ వరకే మాడ్చేస్తారట. గుండె జబ్బున్న నాకు పెద్ద ఆపరేషన్ కుదరదు కనుక సరేనన్నాను. మూత్రం సంచీ తగిలించుకుని నరసరావుపేట తిరిగొచ్చాను.

మూడు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే పీఎస్‌ఏ బాగా దిగింది. ఆ అంకె ఎంత తగ్గితే అంత మంచిదని అప్పటికి మా ఇంట్లో అందరికీ తెలుసు. నా భార్య వంటింట్లోనే మోకరించింది. డాక్టరు మాత్రం ఫోన్‌లో, "తగ్గడం మంచిదే మాస్టారూ. కానీ ఇప్పుడే ఏమీ అనలేం. ఏడాదికి స్కాన్ చేసి, ముక్క తీసి పరీక్షిస్తేగానీ తెలియదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. క్వార్టర్లీ మార్కులు చూసి కొడుకు పది పాసైపోయాడనుకునే తండ్రుల్ని ఎంతమందిని విసుక్కున్నానో!

"ఏడాదా? ఏందండీ, ఆయనకి నమ్మకం లేకపోతే మనకీ ఉండొద్దా? ఈ ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాల్సిందే" అంది నా భార్య. జబ్బు నయమైనవాళ్ళు అందరి ముందూ నిలబడి ఆ సంగతి చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అన్నాను. నవ్వేసి, ఆదివారం చర్చిలో అందరికీ పెట్టే బిర్యానీకి చెప్పడానికి వెళ్ళిపోయింది.

తీరా మైకు ముందు నిలబడ్డాక, "ప్రభువు నన్ను స్వస్థపరిచాడు" అని నేనే అనేశాను. స్తోత్రాలతో హాలంతా మోగిపోయింది. అబద్ధమెందుకు, ఆ పూట నేనూ నమ్మాను. బిర్యానీ మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాను.

ఏడాది తిరిగేలోపే అంకె పైకి పాకింది. మాడ్చిన చోటు అంచునే క్యాన్సర్ బతికుందని తేలింది. స్కాన్‌లో తుంటి ఎముకలోనూ కనిపించింది. "ఇక పూర్తిగా పోగొట్టలేం. ఇంజక్షన్లతో కొన్నాళ్ళు ఆపుదాం" అన్నాడు డాక్టరు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడిగితే కంప్యూటరు వైపు తిరిగాడు.

తిరిగొస్తూ కారు పిడుగురాళ్ళ దాటాక నా భార్య నా వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పమాకండి. మిమ్మల్ని చూసి చానామంది ధైర్యం తెచ్చుకున్నారు. ఇప్పుడు కాదంటే వాళ్ళేమైపోతారు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నేను పోయాక ఏం చెబుతావే మరి?" అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అలా అనకుండా ఉండాల్సింది. ఇక ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం పాస్టరు గారు జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేశారు. డయాలసిస్ మీదున్న ఆటో డ్రైవర్నీ, పక్షవాతం వచ్చిన ముసలమ్మనీ పేరుపేరునా తలుచుకున్నారు. ఆ తర్వాత, బాగైనవాళ్ళ కోసం కృతజ్ఞతలు చెబుతూ నా పేరు ఎత్తారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి నా భార్య గొంతూ వినిపించింది.

నాకు భక్తి ఎప్పుడూ తక్కువే. అయినా లేచి, నన్ను ఆ మొదటి ప్రార్థనలో కలుపుకోండయ్యా అని అడుక్కోవాలనిపించింది. లేవలేదు. హాలంతా నా పేరు చెప్పి దేవుణ్ణి మెచ్చుకుంటోంది. నన్ను బతికించమని అడిగిన గొంతు ఒక్కటీ లేదు.